కీచురాయి పన్ను

పార్సిల్ వచ్చేసరికి మైనం మాస్టారు ఒక పెద్దాయన కింది దవడకి పళ్ళు పేరుస్తున్నారు. పద్నాలుగింటిలో తొమ్మిది కుదురుగా నిలబడ్డాయి. పదోది వేళ్ళ మధ్య ఉంది. అలాంటి సమయంలో ఆయన్ని ఎవరూ కదిలించలేరు. మైనం చల్లారకముందే పన్ను నిలబెట్టాలి. ఆలస్యమైతే మళ్ళీ వేడి చేయాలి, వేడి చేస్తే పక్కనున్న పన్ను వాలిపోతుంది. కానీ గోడలో ఉన్న చిన్న కిటికీ తలుపు జరిపి డాక్టరమ్మ, "మాస్టారూ, మీకేదో వచ్చిందండీ. పంపినవాళ్ళ పేరు కీచురాయి అని ఉంది. ఇదేం పేరు?" అనగానే పదో పన్ను బల్లమీద వదిలేసి లేచిపోయారు.

"వచ్చేసిందా!"

ఆ కేకకి అవతల కిటికీ పక్కనే కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి ఉలిక్కిపడి, డాక్టరమ్మ రెండో చేతి వేలుమీదే నోరు మూసేశాడు.

మాస్టారు పళ్ళసెట్లు చేసే పనిలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నారు. ముందు గదిలో డాక్టరమ్మ నోటి కొలతలు తీసి కిటికీలోంచి అందిస్తుంది. వెనక గదిలో ఈయన ఆ కొలతలకి ప్లాస్టర్ అచ్చు పోసి, అచ్చుమీద మైనం పరిచి, మైనంలో పళ్ళు నిలిపి, చివరికి సెట్టు చేసి మెరుగు పెట్టి అదే కిటికీలోంచి వెనక్కి ఇస్తారు. ఇరవై నాలుగు గంటలూ చేతికి మైనమే కాబట్టి ఆ పేరొచ్చింది. అసలు పేరు జీతం కాగితంమీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

కీచురాయి ఒక గాయని. పాట తనే రాసుకుంటుంది, బాణీ తనే కట్టుకుంటుంది, తన గదిలోనే గిటారు పట్టుకుని పాడి రికార్డు చేసుకుంటుంది, పార్సిళ్ళు కూడా తనే కట్టి పంపుతుంది. ఆమె పాటలు విన్నవాళ్ళందరినీ ఒక సిటీ బస్సు ఎక్కిస్తే ఇంకా కొన్ని సీట్లు మిగులుతాయి. మూడేళ్ళ కిందట మాస్టారు పనిలో ఉండగా ఫోనులో ఏదో పాట అయిపోయి, దాని వెనకే ఎవరూ అడగకుండా ఈమె పాట మొదలైంది. ఆపుదామంటే రెండు చేతులూ మైనం. చేతులు తుడుచుకునేలోపు పాట అయిపోయింది. తుడుచుకున్న చేతులతో ఆయన దాన్ని ఆపలేదు, మళ్ళీ పెట్టారు.

అప్పటినుంచీ ఆమె పాటంటే చెవి కోసుకుంటారు. ఒక్కరే వింటే ఊరుకునే రకం కాదాయన. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతనికి వినిపించారు. పక్కింటివాళ్ళకి వినిపించారు. భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. ఆ కారులో ఆమెకి చెప్పకుండా పాటలు ఎక్కించారు. నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ పాట వింటూ పచ్చలైటు దగ్గర బండి ఆపేసి, అయిపోయేదాకా కదల్లేదు. వెనక ఎనిమిది బళ్ళు హారన్లు కొట్టాయి. భార్య ఆ రోజు ఇంటికొచ్చి మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

పార్సిల్లో మూడు అట్టపెట్టెలున్నాయి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. ఒక్కోదాంట్లో ఒక పెన్‌డ్రైవ్, చేత్తో రాసి అచ్చు తీయించిన చిన్న పాటల పుస్తకం. 'ఆగిన చినుకు' అనే కొత్త ఆల్బం, తొమ్మిది పాటలు. మాస్టారు ఒకటి వినడానికి, ఒకటి దాచుకోవడానికి, ఒకటి ఎవరైనా అడిగితే ఇవ్వడానికి తెప్పించుకున్నారు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అది వేరే సంగతి.

"పెట్టండి, మేమూ వింటాం," అంది డాక్టరమ్మ.

"ఇప్పుడు కాదండీ. మొదటిసారి వినడమనేది జన్మలో ఒక్కసారే. డ్రిల్లు చప్పుడులో వింటే పాపం తగులుతుంది."

ఆ మధ్యాహ్నమంతా పెట్టెను చొక్కా జేబులో పెట్టుకుని, పది నిమిషాలకోసారి తడుముకుంటూ పనిచేశారు. పెద్దాయన పదో పన్ను తలకిందులుగా నిలిపి, తీసి, మళ్ళీ నిలిపారు.

సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఏర్పాట్లు మొదలయ్యాయి. ఫ్యాను చప్పుడు చేస్తుందని ఆపేశారు. ఫ్రిజ్ కూడా ఆపబోతే భార్య అడ్డుపడింది.

"పాలు విరిగిపోతే ఆ కీచురాయి వచ్చి కాచిస్తుందా?"

"నలభై నిమిషాలకి పాలు విరగవే!"

"నాకు తెలుసు మీ నలభై నిమిషాలు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచీ పెడతారు."

సోఫాలో నడుమ అత్తగారు కూర్చున్నారు. ఆవిడ బడిలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడ నోట్లో ఉన్న పైసెట్టూ కిందిసెట్టూ అల్లుడి చేతి పనే. అందుకే ఆవిడ ఏ మాటన్నా అందులో తనకీ కొంత వాటా ఉన్నట్టు మాస్టారు లోపల్లోపల గర్వపడుతుండేవారు, ఆ మాట తనమీదకి రానంతవరకు.

మొదటి పాట అయింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండోది అయింది. భార్య కాలు తాళం వేయడం ఆయన ఓరగా చూసి, చూడనట్టు ఉండిపోయారు. మూడో పాట మొదలైంది.

*చూరు చివర చినుకు చుక్క*
*జారనా వద్దా అని ఆగింది*
*కింద నా చెయ్యి చాచి ఉంది*
*చలికి చెయ్యి, చూపుకి చుక్క…*

అత్తగారు గొంతు సవరించుకున్నారు. మాస్టారు చెయ్యెత్తి ఆగమన్నారు. పాట పూర్తయ్యేదాకా ఆవిడ ఆగారు, తరవాత ఆగలేదు.

"అల్లుడుగారూ, ఈ అమ్మాయికి చ పలకడం రాదు."

ఆయన కళ్ళు తెరిచారు. "ఏం రాదూ?"

"చ. చాప వేరు, చేప వేరు. చేప అన్నప్పుడు నాలుక కాస్త వెనక్కి పోతుంది. చాప అంటే నాలుక వచ్చి పళ్ళకి తగలాలి. ఈ పిల్లకి చాపైనా చేపలాగే వస్తోంది. చూరు అనడం లేదు, చ్యూరు అంటోంది. జారనా అనాల్సింది జ్యారనా అంటోంది. రాసింది బాగుంది. నోరు తిరగలేదు."

"అత్తయ్యగారూ, మూడేళ్ళుగా వింటున్నాను. ఆ అమ్మాయి పలికినంత శుభ్రంగా ఎవరూ పలకరు."

"మీరు మూడేళ్ళు విన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు చెప్పాను."

"మీరు పాట వినడం లేదు, పరీక్ష పేపరు దిద్దుతున్నారు!"

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఇదే," అని అత్తగారు కూతురి వైపు తిరిగారు. "మీ ఆయన కీచురాయికి అసలు కాళ్ళే వద్దంటున్నాడమ్మా."

మాస్టారు పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. మిగతా ఆరు పాటలు ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కాసేపటికి భార్య టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "రెండో పాట బాగుందండీ," అంది. ఆయన టీ తాగారు.

మర్నాడు పొద్దున్నే పనిగదికి వెళ్ళి, అత్తగారి నోరు మూయించడానికి సాక్ష్యం వెతకడం మొదలుపెట్టారు. కీచురాయి మొదటి ఆల్బం పెట్టారు. అందులో ఒక పాటలో 'చాలు చాలు' అని పదకొండుసార్లు వస్తుంది. పదకొండూ విన్నారు. ప్రతి చాలూ పళ్ళమీద నుంచి చల్లగా జారింది. "అదీ!" అనుకున్నారు. వెంటనే కొత్త పాట పెట్టారు.

*చ్యూరు చివర…*

ఆపారు. మళ్ళీ పెట్టారు. నిన్న సాయంత్రం ఉత్సాహంలో వినబడనిది ఇప్పుడు పంటికింద రాయిలా తగిలింది. చ ఒక్కటే కాదు, స కూడా అక్కడక్కడ శ వైపు వాలుతోంది. అత్తగారు చెప్పింది నిజం. నిజమైతే మరీ కష్టం, ఒప్పుకోవాలి.

చేతిలో మైనం ముక్క నలుపుతూ ఆలోచించారు. మూడేళ్ళ కిందట శుభ్రంగా పలికిన నాలుక ఇవాళ పలకడం ఎందుకు మరిచిపోతుంది? నాలుక ఎక్కడికీ పోలేదు. అది వెళ్ళి తగలాల్సిన చోటు మారిందేమో!

అలా అనుకోగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొత్తసెట్టు పెట్టుకున్న ప్రతి మనిషీ రెండో రోజు వచ్చి చెప్పే మాట ఒకటే: "మాస్టారూ, నా మాట నాది కాదు." పైపళ్ళ వెనక అంగిలిని కప్పే ప్లేటు కాస్త మందమైతే చాలు, నాలుకకి చోటు చాలదు. పళ్ళని తాకబోయి ప్లేటుని తాకి వెనక్కి జారుకుంటుంది. స పలకబోతే శ వస్తుంది. చాప కాస్తా చేపవుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ మందాన్ని అరగదీసి మాటలు వెనక్కి ఇవ్వడమే ఆయన ఉద్యోగం.

అలమరాలో ఆయన సొంత నోటి అచ్చు ఒకటి ఎప్పటినుంచో పడి ఉంది. దాన్ని దించి, మైనం రేకు వేడి చేసి అంగిలిమీద పరిచి, ముందుపళ్ళ వెనక కావాలనే మందంగా పెట్టి, చల్లార్చి నోట్లో పెట్టుకున్నారు. పెట్టుకుని గొంతెత్తి పాడారు. మాస్టారు గొంతు గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. కానీ మాట మాత్రం అచ్చంగా అదే: "చ్యూరు చివర చినుకు చ్యుక్క…"

కిటికీ తలుపు జరిగింది.

"ఏమైందండీ? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంది డాక్టరమ్మ కంగారుగా.

"ఒక్కశారి ఇటు రండి డాక్టరమ్మా! ఇది వినండి, తరవాత ఇది వినండి!"

ఆవిడ వచ్చి మూడూ విన్నది: పాత పాట, కొత్త పాట, మైనం నోటితో మాస్టారి పాట. మూడోది వింటున్నప్పుడు మొహం తిప్పుకుని కొంచెంసేపు భుజాలు కదిలించింది. తిరిగి ఇటు చూసేసరికి మాత్రం డాక్టరులాగే ఉంది.

"పై ముందుపన్ను ఒకటి పోయుంటుంది. తాత్కాలికంగా ప్లేటుతో పన్ను పెట్టించుకునుంటుంది. ఎవరో తొందరలో మందంగా చేశారు. సరిచేసుకోవచ్చని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదేమో."

"నేను చెప్తాను," అన్నారు మాస్టారు నోట్లో మైనం తీసి.

ఇంట్లో ఈ మాట చెప్పగానే భార్య తల పట్టుకుంది.

"ముక్కూ మొహం తెలియని ఆడపిల్లకి నీ పన్ను బాలేదని ఉత్తరం రాస్తారా? బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా?"

"పన్ను బాలేదని కాదే. పాట బాగుంది, పన్ను అడ్డొస్తోందని."

"అంతకంటే దారుణం."

అత్తగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "అంటే నేను చెప్పింది నిజమేనన్నమాట."

మాస్టారు నేల చూసి, గోడ చూసి, చివరికి "నిజమేనండీ," అన్నారు. "కానీ నోరు తిరక్క కాదు."

"అదీ నిజమే. పాపం, పిల్లని అనవసరంగా అన్నాను," అని ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "రాయండి. నేను చూస్తాను. మీరు రాస్తే ఒత్తులు పోతాయి."

అల్లుడూ అత్తా కలిసి ఒక పని చేయడం ఆ ఇంట్లో అదే మొదలు. నాలుగుసార్లు రాసి కొట్టేశారు. ఐదోసారికి కుదిరింది. తను ఎవరో, ఏం పనిచేస్తారో, ఆమె పాటలు ఎన్నేళ్ళుగా వింటున్నారో రాశారు. ఏ పాటలో ఏ మాట దగ్గర ఏం వినబడిందో రాశారు. "ఇది మీ నాలుక తప్పు కాదు, మీ గొంతు తప్పు అసలే కాదు. రవ్వంత మందం తప్పు. నేను పొరబడి ఉంటే క్షమించండి. పొరబడకపోతే మా డాక్టరుగారు చూస్తారు, నేను చేస్తాను," అని ముగించారు. పెట్టెమీద ఉన్న ఈమెయిల్‌కి భార్య చేత పంపించారు. ఆమె విసుక్కుంటూనే టైపు చేసి, "విషయం ఏమని పెట్టను?" అంది.

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "మీ పన్ను గురించి, అని పెట్టు," అన్నారు.

ఒక రోజు గడిచింది. రెండు, మూడు గడిచాయి. జవాబు లేదు. నాలుగో రోజునుంచి మాస్టారు పనిగదిలో పాటలు పెట్టడం మానేశారు. మెరుగు పెట్టే చక్రం చప్పుడు తప్ప ఇంకేమీ వినబడక డాక్టరమ్మకే తోచలేదు. "ఏమైనా పెట్టండి మాస్టారూ, పేషెంట్లు భయపడుతున్నారు," అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ పిల్ల మొహం తన కళ్ళ ముందు కదులుతోంది. ఆమె ఫొటో కూడా సరిగ్గా చూసింది లేదు, అయినా కదులుతోంది. కష్టపడి తొమ్మిది పాటలు చేసుకుంటే, అభిమానినంటూ ఒకడు వచ్చి నోట్లో వేలు పెట్టాడు.

"వద్దన్నానా?" అని భార్య రోజూ అడగలేదు. ఆ మాటకొస్తే ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఏడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. మాస్టారు మోచేత్తో నొక్కి స్పీకరులో పెట్టారు.

"మైనం మాస్టారుగారేనాండీ?"

ఆ గొంతు వినగానే ఆయన చేతిలో ఉన్న దవడ బల్లమీద పడింది. మూడేళ్ళుగా పొద్దస్తమానం చెవిలో ఉన్న గొంతు తనని పేరు పెట్టి పిలుస్తోంది.

"నేను కీచురాయినండీ. ముందు మీరు క్షమించాలి. మీ ఉత్తరం ఆరు రోజులు తెరవలేదు."

"అయ్యో, మీరెందుకు క్షమాపణ… నేనే…"

"కాదు మాస్టారూ, వినండి. 'మీ పన్ను గురించి' అని ఉంది కదా! నేను ఆదాయప్పన్ను వాళ్ళనుకున్నాను! పాటలు అమ్ముకుంటున్నానని ఎవరో కనిపెట్టి నోటీసు పంపారనుకున్నాను. ఆరు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. నిన్న మా అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్ళు తాగి, తెరిచాను. తెరిస్తే ఈ పన్ను!"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కిటికీ అవతల డాక్టరమ్మ కూడా నవ్వింది. మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశారు.

నవ్వు ఆగాక ఆమె సంగతి చెప్పింది. ఎనిమిది నెలల కిందట ఒక చిన్న హాల్లో పాడుతుంటే, ఎవరో వైరు తట్టుకుని మైకు స్టాండు ఊగి, మైకొచ్చి సరిగ్గా ముందుపంటికి తగిలింది. "ఏ మైకులో పాడానో అదే నా పన్ను ఊడగొట్టింది మాస్టారూ." హడావిడిగా ప్లేటు పన్ను పెట్టించుకుంది. ఆ తరవాత తన పాట తనకే ఎక్కడో నచ్చలేదు. ఎక్కడో తెలియలేదు. గొంతు పాడైందనుకుంది. ఆల్బం విడుదల చేశాక లైబ్రరీ హాల్లో పాడతానని ఒప్పుకుని కూడా, రానని చెప్పేసింది.

"విన్నవాళ్ళు పదకొండుమంది రాశారు. పదకొండుమందీ అద్భుతం అన్నారు. మీరొక్కరే బాలేదన్నారు. మీ ఉత్తరం చదివి నిన్నంతా గంతులేశాను. గొంతు పోలేదు కదా నాది! పన్నే కదా!"

"పన్నేనండీ. పన్నే!" అన్నారు మాస్టారు.

శనివారం ఆమె నాలుగు గంటలు బస్సులో వచ్చింది. సన్నగా, పొడుగ్గా, పార్సిల్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి. వేళ్ళకి ఇంకా టేపు జిగురు అంటుకునే ఉంది. మాస్టారు ఆమెతో మాట్లాడాలనుకున్న మాటలు మూడేళ్ళవి ఉన్నాయి. తీరా ఎదురుగా కూర్చునేసరికి ఆయన నోట్లోంచి వచ్చినవి "నోరు తెరవండి", "మూయండి", "కరిచి పట్టండి" మాత్రమే. డాక్టరమ్మ కొలతలు తీసింది. ఈసారి అంగిట్లో ప్లేటు ఉండదని, పక్కనున్న రెండు పళ్ళ వెనక సన్నటి రెక్కలతో అతుక్కునే పన్ను పెడతామని చెప్పింది.

తరవాతి వారమంతా మాస్టారు ఆ ఒక్క పన్నుమీద కూర్చున్నారు. మిగతా పళ్ళ రంగుతో సరిపోల్చడానికి కిటికీ పక్కన పగటి వెలుతురులోనే రంగు వేశారు. పంటి వెనక వంపు, బయటికి ఎవరికీ కనబడనిది, పాత పాటలు వింటూ చెక్కారు.

మళ్ళీ శనివారం వచ్చింది. పన్ను చివరిగా అతికించే ముందు పెట్టి చూడాలి, పలికించి చూడాలి. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుండగా బయట కారు ఆగింది. కారుమీద 'నేర్చుకుంటున్నారు, జాగ్రత్త' అన్న బోర్డు. లోపలినుంచి భార్య, ఆమె పక్కనుంచి అత్తగారు దిగారు.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అన్నారు మాస్టారు.

"ఎవరు పిలవాలి? మాట సరిగ్గా వచ్చిందో లేదో మీరు చెప్తారా? మీకు ఆ అమ్మాయి దగ్గినా సంగీతమే," అని అత్తగారు వచ్చి డాక్టరమ్మ స్టూలుమీద కూర్చున్నారు.

కీచురాయి బెదిరిపోయింది. "టీచరమ్మా, నాకు బళ్ళో తెలుగులో ఎప్పుడూ మార్కులు తక్కువే వచ్చేవండీ."

"ఇవాళ పూర్తిగా వేస్తాను. ఊఁ, అను. చాప."

"చాప."

"చేప."

"చేప."

"జల్లెడ. జిల్లేడు."

"జల్లెడ. జిల్లేడు."

అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు. "చాప బాగుంది. జల్లెడలో ఇంకా ఇసుక ఉంది."

మాస్టారు పన్ను తీసుకుని వెనక గదిలోకి పరుగెత్తారు. చక్రం ఒక్క క్షణం కుయ్‌మంది. మళ్ళీ పెట్టారు. జల్లెడ. ఇంకా కొంచెం. మళ్ళీ పరుగు. నాలుగోసారి డాక్టరమ్మ పన్ను పెట్టి వెనక్కి జరిగింది.

"చాప, చేప," అంది కీచురాయి. "జల్లెడ, జిల్లేడు. చుట్టం, చిలక. చలి, చీమ." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నాలుకతో పంటి వెనక ఒకసారి తడుముకుంది. తరవాత ఎవరూ అడగకుండానే, కుర్చీలో వెనక్కి వాలిన మనిషి వాలినట్టే, మెడలో కాగితం గుడ్డతోనే, పాడింది.

*చూరు చివర చినుకు చుక్క*
*జారనా వద్దా అని ఆగింది…*

ప్రతి మాటా దాని చోట అది పడింది. అత్తగారు మొదటి చరణం దాకా వేళ్ళు మడిచి తప్పులు లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క వేలూ మడవలేదు. రెండో చరణానికి చెయ్యి ఒళ్ళోకి దించేశారు. ఆవిడ కళ్ళజోడు మసకబారింది. భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఆ పాట మొత్తం కదలకుండా విన్నది. మాస్టారు మాత్రం కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన పెదవులు ఆమెతో పాటే కదులుతున్నాయి, చప్పుడు మాత్రం రానివ్వలేదు.

పాట ఆగేసరికి అవతలి గదిలో చప్పట్లు! తలుపు తీసి చూస్తే వరసగా ఏడుగురు పేషెంట్లు. ఒకాయన చెంప ఇంత వాచి ఉంది. మత్తు ఇంజెక్షన్ చేయించుకుని కూర్చున్న ఒకావిడ సగం పనిచేసే నోటితో, "ఇంకోటి పాదమ్మా," అంది.

"ముందు పన్ను అతికించనివ్వండి!" అంది డాక్టరమ్మ. "ఊడి ఎవరి ఒళ్ళోనైనా పడుతుంది."

అతికించాక ఇంకో మూడు పాడింది. వాపు చెంపాయన తన వంతు వచ్చినా లేవలేదు, తన తరవాతవాళ్ళని ముందు వెళ్ళమన్నాడు. వెళ్ళేటప్పుడు, "ఈ పాటలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగాడు. మాస్టారి చెయ్యి దానంతటదే అలమరాలో ఉన్న మూడో పెట్టె దగ్గరికి వెళ్ళింది.

నెల తిరక్కముందే కీచురాయి మూడు పాటలు మళ్ళీ పాడి, ఆల్బం కొన్న అందరికీ పంపింది. "ఇవి నా సొంత నాలుకతో పాడినవి," అని కింద రాసింది. వద్దన్న లైబ్రరీ హాలు వాళ్ళకి తనే ఫోను చేసి, వస్తానంది. ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో కుర్చీలు చాలక పిల్లల పుస్తకాల గదిలోంచి చిన్న చిన్న కుర్చీలు తెచ్చి వేశారు. పెద్ద మనుషులు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని విన్నారు. ఎనిమిది మంది పేషెంట్లు, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు నలుగురు, అత్తగారి పాత విద్యార్థులు ఒక వరస, తక్కినవాళ్ళు ఎవరో ఎక్కడినుంచో. మైకు స్టాండు దగ్గర వైర్లన్నీ మాస్టారు పొద్దున్నే వచ్చి నేలకి టేపు వేసి అతికించారు. మూడుసార్లు చూసుకున్నారు.

ఆమె తొమ్మిది పాటలూ పాడింది. కొత్త పన్ను తళుక్కుమన్నప్పుడల్లా డాక్టరమ్మ మాస్టారిని మోచేత్తో పొడిచింది.

అందరూ వెళ్ళిపోయాక కీచురాయి మెట్లమీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. పది నెలల తరవాత ముందుపళ్ళతో కొరికి తింటున్నానంది. మాస్టారు వచ్చి రెండు మెట్లు కింద నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. విప్పారు.

"మీ మొదటి ఆల్బంలో మొదటి పాట ఉంది కదండీ," అన్నారు.

"ఉంది."

"అందులో రెండో చరణం ముందు మీరొకసారి ఊపిరి పీలుస్తారు. అది… అది ఎందుకు ఉంచేశారో అడగాలని ఎప్పటినుంచో…"

ఆమె బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "అది మీకు వినబడిందా?"

అంతే. ఆయన కూర్చున్నారు. మూడేళ్ళ మాటలూ కట్టలు తెంచుకుని వచ్చాయి. ఏ పాట వింటూ ఎవరి పళ్ళు చేశారో చెప్పారు. ఏ పాట విన్నాక ఒక రోజంతా పని ఆపేశారో చెప్పారు. ఆమె మధ్యలో "అవునా!", "అది మా పక్కింటివాళ్ళ మిక్సీ చప్పుడు మాస్టారూ, సముద్రం కాదు!" అంటూ నవ్వింది. ఆయన సముద్రమే బాగుందన్నారు. కావాలంటే సముద్రమే అనుకోండి అంది.

కింద కారు హారను మోగింది. అద్దం దించి భార్య తల బయటికి పెట్టింది.

"ఏమండీ, వస్తున్నారా? అమ్మ ఆకలంటోంది!"

"వస్తున్నా! ఇంకా నాలుగో పాట దగ్గరే ఉన్నాం," అన్నారు మాస్టారు, లేవకుండానే.

"నాకేం తొందర లేదు," అని లోపలినుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఐదో పాటలో ఒక సంధి గురించి నేనూ అడగాలి." కారు తలుపు తెరుచుకుంది.